మీకు తెలుసా? గాడిదల కోసం మెట్ల బావి!

ఇటలీలోని ఒర్వియెతో నిట్టనిలువు రాతిగుట్ట మీది ఊరు. రోమన్లకు ముందు అక్కడ బతికిన ఎట్రుస్కన్ల కాలం నుంచీ జనం ఆ మెత్తరాయిని తొలిచి గుహలు, బావులు చేసుకున్నారు. క్రీ.పూ. 264లో రోమన్లు ఊరిని నేలమట్టం చేసినా మళ్లీ లేచింది.

1527లో శత్రుసేనలు రోమ్‌ను దోచుకోవడంతో పోప్ ఏడవ క్లెమెంట్ ఇక్కడే తలదాచుకున్నాడు. కొండెక్కి శత్రువు రాకపోవచ్చు, ముట్టడిస్తే నీళ్లెలా? అందుకే 53 మీటర్ల లోతు బావి తవ్వించాడు. అందులో మెలికలు తిరిగే రెండు దారులు, ఒక్కో దారికి 248 మెట్లు. కంచరగాడిదలు ఒక దారిన దిగి, అడుగున వంతెన దాటి, నీళ్లతో రెండో దారిన ఎక్కేవి. ఎదురుపడే ప్రసక్తే లేదు!

పాపం, 1537లో బావి పూర్తయ్యేసరికి క్లెమెంట్ లేడు. ఇప్పటికీ దిగి చూడొచ్చు. ఎక్కేటప్పుడు మాత్రం మీ కాళ్లే దిక్కు.