వీ6 పట్టని చోట టర్బో

ఫ్రెంచ్ కారు సిట్రోయెన్ సీఎక్స్ బానెట్ ఎత్తితే లోపల చెయ్యి పెట్టడానికి సందు దొరకదు. 1970ల మొదట్లో ఈ కారును రూపొందిస్తున్నప్పుడు కంపెనీ మనసులో ఉన్నది రోటరీ ఇంజన్. పిస్టన్లు ఉండవు, పరిమాణం చిన్నది. దానికి తగ్గట్టే ముందు భాగాన్ని కురచగా గీశారు. ఇంతలో 1973 చమురు సంక్షోభం వచ్చిపడింది. పెట్రోలు బాగా తాగే రోటరీని పక్కన పెట్టక తప్పలేదు. 1974లో కారు బయటికొచ్చేసరికి అందులో ఉన్నది పాత డీఎస్ కారు తాలూకు నాలుగు సిలిండర్ల ఇంజనే. దాన్ని అడ్డంగా తిప్పి, కాస్త ముందుకు వాల్చి ఎలాగోలా సర్దారు.

పదేళ్లయ్యేసరికి పోటీ కార్లు ఆరు సిలిండర్లతో పరుగెడుతున్నాయి. సీఎక్స్‌లో ఆరు సిలిండర్ల వీ6 ఇంజన్ పట్టదు. ఉన్న ఇంజన్‌ను అప్పటికే 2.5 లీటర్ల దాకా పెంచారు. ఇక మిగిలింది టర్బో. 1984లో సీఎక్స్ 25 జీటీఐ టర్బో అలా పుట్టింది.

2.5 లీటర్ల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి 2.5 లీటర్ల గాలి పీలుస్తుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, కాగితం మీద లెక్క ప్రకారం, 3750 లీటర్లు. ఎంత గాలి అందితే అంత పెట్రోలే సరిగ్గా మండుతుంది. కాబట్టి సిలిండర్ పెంచకుండా బలం పెరగాలంటే గాలినే ఒత్తిడి చేసి లోపలికి నెట్టాలి. కొలిమి దగ్గర తిత్తి చేసే పనే టర్బో చేస్తుంది. కాకపోతే ఇక్కడ తిత్తి ఊదేది పొగ. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్ష చుట్లు దాటేంత వేగంతో తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ ఈ ఆలోచనకు 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఫ్రాన్స్‌లో దానికి మోజు తెచ్చిపెట్టింది మాత్రం 1977లో ఫార్ములా వన్‌లోకి టర్బో కారుతో దిగిన రెనో.

సీఎక్స్‌లో 138 హార్స్‌పవర్ కాస్తా 168 అయింది. వేగం గంటకు 220 కిలోమీటర్లు దాటింది. ఊరికే రాలేదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలు వేళకు ముందే అంటుకుని ఇంజన్ నాకింగ్ కొడుతుంది. అందుకని ఇంజన్ కంప్రెషన్ తగ్గించాల్సి వచ్చింది. దాంతో టర్బో అందుకోనంతసేపూ బండి మందకొడి. యాక్సిలరేటర్ తొక్కాక ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా తోపు.

ఆ తోపు ముందు చక్రాల మీదే పడుతుంది. మామూలు కారైతే స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుపోవాలి. నా దృష్టిలో ఈ కారు గొప్పతనం టర్బో కన్నా ఇక్కడే ఉంది. ఇంజన్ తిప్పే పంపు ఒకటి ఆకుపచ్చ రంగు నూనెను ఒత్తిడితో సస్పెన్షన్‌కు, బ్రేకులకు, స్టీరింగ్‌కు పంపుతుంది. చక్రాలు ఎటు లాగినా ఆ నూనె ఒత్తిడే ఆపేస్తుంది, చేతుల దాకా రానివ్వదు. కారు ఆగి ఉన్నప్పుడు కూడా స్టీరింగ్ వదిలేస్తే తనంతట తాను నడిమికి వచ్చేస్తుంది, కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు. స్ప్రింగుల స్థానంలో నైట్రోజన్ నింపిన గోళాలుంటాయి. డిక్కీలో ఎంత సామాను వేసినా ఇంజన్ నడుస్తున్నంతసేపూ కారు ఎత్తు మారదు.

ఈ కారు 1985 ప్రకటనలో గాయని గ్రేస్ జోన్స్ తల ఆకారంలో ఉన్న భారీ బొమ్మను ఎడారిలో నిలబెట్టారు. అసలు మెరుగు మరుసటి ఏడాది వచ్చింది, ఏ హడావుడీ లేకుండా. టర్బో 2లో ఇంటర్‌కూలర్ పెట్టారు. నొక్కిన గాలి ఇంజన్‌లోకి వెళ్లేముందు చల్లబడుతుంది, చల్లని గాలి చిక్కన. హార్స్‌పవర్ అంకె 168 దగ్గరే ఉంచి, ఆ లాభాన్ని పెట్రోలు ఆదాకు వాడుకున్నారు. అమ్మకాల వాళ్లకు ఇది నచ్చి ఉండదు కానీ, ఇంజనీరింగ్ పరంగా తెలివైన పని.

1989లో సీఎక్స్ స్థానంలో ఎక్స్‌ఎం వచ్చింది. అందులో వీ6 పట్టింది. అయినా కొన్నేళ్లకు సిట్రోయెన్ ఆ కారులోనూ నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ పెట్టింది.