లూసర్న్‌లో బంగారు తీగ నివారణ: కలుపు మందుల పాత్ర, పరిమితులు

పాడి పశువుల మేపులో పప్పుజాతి పశుగ్రాసాలకు, వాటిలోనూ లూసర్న్‌కు, ప్రత్యేక స్థానమున్నది. అక్టోబరు, నవంబరు మాసాలలో ఒకసారి విత్తినచో మూడు నాలుగు సంవత్సరాల పాటు పచ్చిమేత లభిస్తుంది. మొదటి కోత 70–75 రోజులకు, ఆ తరువాత 25–30 రోజులకొకటి చొప్పున కోతలు వస్తాయి. ఈ దీర్ఘాయువే కలుపు విషయంలో రైతుకు చిక్కు తెచ్చిపెడుతున్నది. పెసరలోనో మినుములోనో కలుపు ముదిరితే పోయేది ఒక పంట. లూసర్న్‌లో మొదటి రెండు నెలలు అశ్రద్ధ చేసినచో పోయేది మూడేళ్ల మేత.

మందుల ఎంపిక ఇక్కడ అంత తేలిక కాదు. వరి, జొన్న వంటి పైర్లలో వెడల్పాకు కలుపును 2,4-డి తో అణచవచ్చును. లూసర్న్ తానే వెడల్పాకు మొక్క కనుక ఆ మందు తగిలితే కలుపు కంటె ముందు పైరే మాడుతుంది. అమెరికాలో క్లోవర్, లూసర్న్ మడులలో దీనికి బదులు 2,4-డిబి వాడుతారు. ఈ మందు స్వతహాగా విషం కాదు. కలుపు మొక్క దానిని తన కణాలలో 2,4-డి గా మార్చుకొని తానే నశిస్తుంది. ఈ పప్పుజాతి మొక్కలలో ఆ మార్పు మందకొడిగా జరుగుతుంది కనుక అవి బతికిపోతాయి. గడ్డిజాతి కలుపుకు మాత్రం ఇబ్బంది లేదు. క్విజలోఫాప్ వంటి మందులు కొవ్వు ఆమ్లాల తయారీకి అవసరమైన ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. వెడల్పాకు మొక్కలలో ఆ ఎంజైము రూపమే వేరు కావడంతో వాటికి హాని జరగదు. ఊద, గరిక వంటివి మూడు నాలుగు ఆకుల దశలో ఉండగా పిచికారీ చేసినచో చక్కగా లొంగుతాయి. తక్కిన మామూలు కలుపు గురించి ఇంతకంటె చెప్పవలసినది లేదు. మొదటి కోత వరకు ఒకటి రెండుసార్లు చేతితో తీయించినచో, అటుపై నెలనెలా పడే కొడవలియే చాలావరకు దానిని అణచివేస్తుంది.

కొడవలికి లొంగనిది బంగారు తీగ. కొన్ని ప్రాంతాలలో దీనిని సీతమ్మ పోగునూలు అని కూడ పిలుస్తారు. కృష్ణా, గోదావరి మండలాలలో వరి మాగాణులలో మినుము వేసే రైతులకు దీనిని పరిచయం చేయనక్కరలేదు. దీనికి ఆకులు లేవు, మొలక దశ దాటిన పిదప నేలలో వేరు లేదు, పత్రహరితమూ దాదాపు లేదు. మొలకెత్తిన పసుపుపచ్చని పోగు గాలిలో తిరుగుతూ ఆధారం కోసం వెదకును. వారం, పది రోజులలో తగిన మొక్క దొరకకపోతే ఎండిపోతుంది. దొరికితే చుట్టుకొని, చూషకాంగాలను కాండంలోనికి దింపి, తన వేరును తానే వదలివేస్తుంది. అటుపై లూసర్న్ తయారుచేసుకొన్న ఆహారం, పీల్చుకొన్న నీరు రెండూ దాని పాలవుతాయి. కోసినప్పుడు మోడులకు చుట్టుకొని మిగిలిన అంగుళం ముక్క నుండి తిరిగి చిగురిస్తుంది. ఒక మొక్క వేలాది గింజలనిస్తుంది. గింజ పైపొర గట్టిది కావడంతో పది సంవత్సరాలకు పైగా నేలలో సజీవంగా ఉండగలదు.

ఈ గింజ పొలంలోనికి వచ్చే ప్రధాన మార్గం లూసర్న్ విత్తనమే. వేయి లూసర్న్ గింజల బరువు సుమారు 2 గ్రాములు. ఎకరాకు 10 కిలోలు విత్తినప్పుడు దాదాపు 50 లక్షల గింజలు పడుతున్నవన్నమాట. అందులో వేయింటికి ఒక్కటి బంగారు తీగ గింజ ఉన్నా ఎకరాకు 5,000 అవుతాయి, అనగా చదరపు మీటరుకు ఒకటికి పైగా. చేతిలో పోసుకొని చూచినప్పుడు ఈ కల్తీ కంటికి ఆనదు. బంగారు తీగ గింజ లూసర్న్ గింజ కంటె చిన్నది, గరుకైనది. విత్తన శుద్ధి కర్మాగారాలలో మఖమలు గుడ్డ చుట్టిన రోలర్లపై గరుకు గింజ అంటుకొని, నున్నని లూసర్న్ గింజ జారిపోవును. సన్నని జల్లెడ పట్టినా కొంత పోతుంది కాని పూర్తిగా పోదు. ధృవీకరణ ప్రమాణాలలో దీనిని అభ్యంతరకర కలుపుగా పరిగణించినది ఈ కారణంగానే. బర్సీమ్‌లో కాసిని గింజకు ఉపయోగించే 10 శాతం ఉప్పునీటి పద్ధతి, అనగా తేలిన గింజను తీసివేసి మునిగిన దానిని మంచినీటితో కడిగి విత్తుట, ఇక్కడ నమ్మదగినది కాదు. మా దృష్టిలో సంత విత్తనంపై మిగిలే రూపాయలు, ఆ తరువాత మందులపై పెట్టే ఖర్చు ముందు లెక్కలోనికి రావు.

మందులలో మొదట చెప్పుకోదగినది పెండిమిథాలిన్. ఇది మొలకలో కణవిభజనను ఆపుతుంది. తీగ సాగలేదు, సాగనిది చుట్టుకోలేదు. బంగారు తీగ మొలిచి లూసర్న్‌ను పట్టుకొన్న తరువాత ఈ మందు ఎంత చల్లినా వ్యర్థమే. విత్తిన వెంటనే, 48 గంటలు మించకుండా, హెక్టారుకు అర కిలో క్రియాశీల పదార్థం, అనగా 30 శాతం ఇ.సి. ద్రావణం ఎకరాకు సుమారు 670 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి తడి నేలపై సమంగా పడునట్లు పిచికారీ చేయవలెను. లూసర్న్ విత్తనం కూడ చిన్నది, పైపైనే పడుతుంది కనుక ఇసుక నేలలలో మోతాదు ఏమాత్రం పెరిగినా పైరు మొలక దెబ్బతింటుంది. మినుములో ఇసుకతో కలిపి చల్లే మోతాదు ఇంతకు రెట్టింపు పైగా ఉంటుంది. దానిని లూసర్న్‌కు అన్వయించరాదు.

ఇమాజిథాపిర్ రెండవ మందు. పప్పుజాతి మొక్కలు దీనిని త్వరగా విచ్ఛిన్నం చేసుకొంటాయి, కలుపు చేసుకోలేదు. బర్సీమ్‌లో మొదటి కోత పూర్తికాగానే హెక్టారుకు 100 గ్రాముల క్రియాశీల పదార్థం చొప్పున వాడుట సిఫారసులో ఉన్నది. లేత బంగారు తీగను ఇది అణచును, ముదిరిన దానిని చంపలేదు.

అసలు సమస్య ఇక్కడ మొదలవుతుంది. సోయాచిక్కుడులో ఈ మందు కొట్టిన తరువాత గింజ ఇంటికి చేరుటకు నెలలు పట్టును. లూసర్న్‌లో కొట్టిన ఆకే పశువు నోటికి పోతుంది, అక్కడి నుండి పాలకు దారి ఎంతో దూరం లేదు. అమెరికాలో లూసర్న్‌పై ఇమాజిథాపిర్ కొట్టిన పిదప 30 రోజుల వరకు కోయరాదు, మేపరాదు అన్న నియమమున్నది. మన కోతల వ్యవధి 25–30 రోజులే. కనుక మందు వేసిన మడిలో ఒక కోతను వెనుకకు జరపక తప్పదు; ఆ మధ్య కాలానికి పశువులకు వేరే మేత, జొన్నచొప్ప అయినా సూపర్ నేపియర్ అయినా, సిద్ధం చేసుకొన్న తరువాతనే డబ్బా మూత తీయవలెను. పొలమంతటికీ ఒకేసారి కొట్టుట చిన్న పాడి రైతుకు ఎంతమాత్రం పనికిరాదు. సీసాపై ముద్రించిన పైర్ల జాబితాలో పశుగ్రాసాలు తరచు కనిపించవు కూడ. లూసర్న్ ఉన్నదో లేదో చూడకుండ, అమ్మకందారు మాటపై కొనరాదు.

అక్కడక్కడ పట్టిన మచ్చలకు గ్రామాలలో పారాక్వాట్ వాడుట కద్దు. శాస్త్రరీత్యా అది పనిచేయును: పైభాగం, దానితో తీగ మాడిపోతాయి, లూసర్న్ మొదలు నుండి మరల చిగురిస్తుంది. అయినా మేము దానిని సూచించము. దానికి విరుగుడు లేదు, పొరపాటున గుక్కెడు కడుపులోనికి పోయినా ప్రాణాంతకము. గ్లైఫోసేట్‌ను అతి స్వల్ప మోతాదులో కొట్టినప్పుడు లూసర్న్ తట్టుకోగా, చక్కెరలతో పాటు మందును కూడ పీల్చుకొన్న తీగ నశించునని అమెరికా పరిశోధనలలో తేలినది. అయితే 2022 అక్టోబరు నుండి మన దేశంలో దాని వాడకాన్ని తెగుళ్ల నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేశారు. రైతు స్వయంగా చల్లుకొనే మందు కాదది.

మచ్చ చిన్నదిగా ఉన్నప్పుడు కొడవలి, అగ్గిపెట్టె చాలును. పూత రాకముందే, తీగ కనిపించిన మేర దాటి మరొక అడుగు వరకు లూసర్న్‌ను నేలకు ఆనించి కోసి, అక్కడే ఎండబెట్టి కాల్చవలెను. మంచి మడులు కోసిన తరువాతనే ఈ మచ్చల వద్దకు రావలెను. కొడవలికి, బట్టలకు అంటిన ముక్క మరొక మొక్కపై పడితే మరల నాటుకొనును. కోసిన దానిని గట్టుపై పారవేయరాదు, గింజ పట్టినదైతే పశువుకు వేయనే రాదు. ఆ గింజ పశువు కడుపులో నుండి చెడకుండ పేడలోనికి వచ్చి, ఎరువుతో పాటు పొలమంతట పరచుకొంటుంది. మచ్చలు మడిలో మూడవ వంతు మించినచో తోటను దున్నివేసి జొన్న, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పైర్లకు మళ్లుట మేలు, అవి ఈ తీగకు ఆశ్రయమివ్వవు. అయితే అంతకు ముందు ఇమాజిథాపిర్ వాడి ఉన్నచో నేలలో మిగిలిన మందు జొన్నను దెబ్బతీయవచ్చును. ఆ మడి నుండి దోసెడు మట్టి తెచ్చి కుండీలో పది జొన్న గింజలు మొలిపించి, రెండు వారాలు చూచిన పిదప విత్తనం కొనవచ్చును.