ఆటల కంప్యూటరునకు ఏ డిస్కు?

కంప్యూటరుపై ఆట తెరచుకొనుటకు నిమిషములు పట్టుచున్నదని విసుగుకొని, హార్డు డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. కొనిపెట్టుమని పిల్లలు కోరుట నేడు అనేక గృహములలో జరుగుచున్నది. ఇది వట్టి మోజా, నిజముగా అవసరమా అని పెద్దలు మమ్ము అడుగుచుందురు. కోరిక న్యాయమైనదే. కాని దానివలన కలుగు లాభమేమో, కలుగనిదేమో తెలిసికొని డబ్బు వెచ్చించుట మేలు.

హార్డు డిస్కును గ్రామఫోను ప్లేటుతో పోల్చుట వాడుక. ఆ పోలిక కొంతవఱకే చెల్లును. డిస్కులోని పళ్లెములపై అయస్కాంతపు పూత యుండును. అవి నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగుచుండగా, ఒక చేయి చివరనున్న తల ఆ పూతలోని గుర్తులను చదువును. గ్రామఫోను ముల్లు ప్లేటును తాకును. ఈ తల తాకదు, తాకిన ప్రమాదము. వెండ్రుక మందములో వేయవ వంతుకన్న తక్కువ ఎత్తున తేలుచుండును. అంతకన్న ముఖ్యమైన భేదము మరియొకటి. పాట మొదటినుండి చివరకు వరుసగా సాగును. ఆటకు వలయు సమాచారమట్లుండదు. గోడ బొమ్మ ఒకచోట, అడుగుల చప్పుడు వేరొకచోట వ్రాయబడియుండును. ప్రతిదానికిని చేయి కదలవలెను. కదలిన పిమ్మట కావలసిన గుర్తు తిరిగి తల క్రిందికి వచ్చువఱకు వేచియుండవలెను. ఈ రెండును కలిసి 12 మిల్లీసెకన్ల ప్రాంతమగును. అనగా ఒకదాని పిదప నొకటిగా సెకనునకు ఎనుబది వెదకులాటలు మాత్రమే. ఆట తెరచునపుడు ఇట్టివి వేలకొలది కావలసివచ్చును.

1956లో ఐ.బి.ఎమ్. వారు వెలువరించిన మొట్టమొదటి హార్డు డిస్కులో 24 అంగుళముల పళ్లెములు ఏబది యుండెను. అది 50 లక్షల అక్షరములను దాచెను. ఒక్క వెదకులాటకు సగటున 600 మిల్లీసెకన్లు పట్టెడిది. నాటికిని నేటికిని దాచు శక్తి లక్షల రెట్లు పెరిగినది. వెదకు కాలము మాత్రము ఏబది రెట్లే తగ్గినది. చేయి కదలుటకు, పళ్లెము తిరుగుటకు హద్దులున్నవి గదా!

ఎస్.ఎస్.డి.లో తిరుగు వస్తువే లేదు. తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా 1980వ దశకమున కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ దానికి మూలము. చిప్పులోని సూక్ష్మమైన గదులలో విద్యుదావేశమును బంధించి సమాచారమును నిలుపుదురు. కావలసినదానిని అందుకొనుటకు సెకనులో పదివేలవ వంతు చాలును. ప్రకటనలలో పెద్ద అక్షరములతో వేయు మెగాబైట్ల అంకెలకన్న ఆటగానికి ఇదియే ముఖ్యము. కావుననే హార్డు డిస్కునుండి సాధారణమైన సాటా ఎస్.ఎస్.డి.కి మారినవానికి కలుగు సంతోషము, దానినుండి ఖరీదైన ఎన్.వి.ఎమ్.ఇ. రకమునకు మారినపుడు కలుగదు.

హార్డు డిస్కు మందగమనమును కప్పిపుచ్చుటకు ఆటల నిర్మాతలు చేసిన యుక్తి వింతగొలుపును. చేయి దూరము పోనక్కరలేకుండ ఒకే బొమ్మను అనేక చోటుల వ్రాసియుంచుదురు. స్పైడర్ మ్యాన్ ఆటలో కొంత సమాచారము 400 మారులు నకలు చేయబడియున్నదని, ప్లేస్టేషన్ 5 రూపకర్త మార్క్ సెర్నీ 2020 మార్చిలో ఒక ఉపన్యాసమున చెప్పెను. ఆ యంత్రమునకు ఎస్.ఎస్.డి.నే అమర్చిరి. 2025 డిసెంబరులో హెల్‌డైవర్స్ 2 నిర్మాతలు కంప్యూటరు ప్రతినుండి నకళ్లను తొలగింపగా, 154 గిగాబైట్ల ఆట 23 గిగాబైట్లకు దిగినది. హార్డు డిస్కు గలవారు మిక్కిలి కష్టపడుదురని అంతవఱకు వారు భయపడియుండిరి. పరీక్షింపగా పెరిగిన ఆలస్యము కొద్ది సెకనులే. నిరీక్షణలో అధికభాగము, యుద్ధభూమిని అప్పటికప్పుడు కల్పించుకొనుటకు కంప్యూటరు తీసికొను కాలమని తేలినది.

కావున ఆలస్యమంతయు డిస్కుదే యని తలపరాదు. తెరపై బొమ్మ సెకనునకు ఎన్నిమారులు మారుననునది గ్రాఫిక్స్ కార్డును, ప్రాసెసరును బట్టి యుండును, ఎస్.ఎస్.డి. కొన్నంతమాత్రమున అది పెరుగదు. అయితే విశాలమైన నగరములలో ఆటగాడు పరుగెత్తునపుడు తరువాతి వీధి సకాలమున అందక ఆట తడబడుట కలదు. ఆ తడబాటు ఎస్.ఎస్.డి.తో చాలవఱకు పోవును. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ ఎస్.ఎస్.డి. కావలెనని నిబంధన పెట్టినది; సైబర్‌పంక్ 2077 అదే యేట హార్డు డిస్కును తన కనీసపు అర్హతలనుండి తొలగించినది. క్రొత్త ఆటలాడువారికి వేరుదారి లేదు.

పాత డిస్కును పారవేయనక్కరలేదు. అదే సొమ్మునకు హార్డు డిస్కులో హెచ్చు చోటు దొరకును. పైగా ఫ్లాష్ గదులు వ్రాసి చెరుపుచుండగా క్రమముగా అరుగును. ఇంటి వాడుకకు అది భయపడవలసినంత కాదు గాని, విద్యుత్తు లేక ఏండ్లతరబడి బీరువాలో పడియున్న ఎస్.ఎస్.డి.లోని ఆవేశము జారిపోవచ్చును. పెండ్లి ఫొటోలను దానిలో నింపి దాచుట క్షేమము కాదు. విండోసును, ప్రస్తుతము ఆడుచున్న ఆటలను ఎస్.ఎస్.డి.పై ఉంచి, ఫొటోలను, సినిమాలను, ఆడి విడిచిన ఆటలను హార్డు డిస్కునకు తరలింపవలెను. ఫొటోలకు మాత్రము మరియొక ప్రతి వేరొక డిస్కుపై నుండవలెను. హార్డు డిస్కు తలయు ఒకనాడు పళ్లెమును తాకవచ్చును.