ఇంటి మాటతో బడి పాఠం

కోయలో ‘ఏర్’ అంటే నీళ్లు. తెలుగులో ‘ఏరు’ అంటే వాగు. మూడో తరగతి పిల్లను "ఏరు ఏది?" అని అడిగితే బిందె చూపిస్తుంది. అందరూ నవ్వుతారు. ఇంక ఆ పిల్ల నోరు తెరవదు. కొందరైతే బడే మానేస్తారు. తెలివి లేక కాదు, మాట వేరు.

అందుకే 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, లంబాడీ, గోండి, సవర వంటి 8 భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టారు. పుస్తకాల్లో అక్షరాలు తెలుగువి, మాటలు మనవి.

3, 4, 5 తరగతులకు ఇలా చెప్పొచ్చు:

1. బోర్డు మధ్యలో గీత గీయాలి. ఒక పక్క ఇంటి మాట, ఇంకో పక్క తెలుగు మాట. ఇంటి మాట పిల్లలే చెప్పాలి.

2. భాగహారానికి చింతగింజలు. 24 గింజలు నలుగురికి పంచితే తలా 6. చేత్తో పంచినాకే పలక మీద రాయాలి.

3. సైన్సుకు ఆకులు. తునికి, ఇప్ప, టేకు ఆకులు తెచ్చి ఈనెలు చూడాలి. లేత టేకాకు నలిపితే చెయ్యి ఎర్రగా అవుతుంది. ఎందుకో అడగాలి.

4. ప్రశ్న అడిగినాక ఇద్దరిద్దరు ముందు ఇంటి భాషలో మాట్లాడుకోవాలి. జవాబు తర్వాత తెలుగులో.

మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. తెలుగు అర్థం చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. మన హాస్టల్లో చాలామంది చెల్లెళ్లదీ ఇదే సంగతి. వార్డెన్ మేడమ్ గారు సాయంత్రం స్టడీలో అరగంట ఇప్పిస్తే, తొమ్మిదో తరగతి అక్కలం వాళ్లకు ఇట్లా చెప్తాం. గింజలు మేమే ఏరుకొస్తాం.