చెమటకు తూకం

కండరం పనిచేసేటప్పుడు ఆహారం నుంచి వచ్చిన శక్తిలో నాలుగో వంతుకు మించి కదలికగా మారదు, మిగిలినదంతా వేడిగానే బయటపడుతుంది. అందువల్ల కబడ్డీ కోర్టులో గంటసేపు శ్రమించే శరీరానికి కండబలం ఎంత అవసరమో, ఆ వేడిని వదిలించుకునే దారి కూడా అంతే అవసరం. చుట్టూ ఉన్న గాలి చర్మం కంటే చల్లగా ఉన్నంతవరకు కొంత వేడి దానంతట అదే గాలిలోకి పోతుంది, కాని మే నెల మధ్యాహ్నం గాలే చర్మం కంటే వేడెక్కినప్పుడు చెమట ఆవిరి కావడం ఒక్కటే మార్గంగా మిగులుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడి ఒంటి నుంచి తొలగిపోతుంది. ఆవిరి కాకుండా ధారగా కారి నేల మీద పడిన చెమట మాత్రం ఒంట్లో నీటిని తగ్గిస్తుందే తప్ప ఒంటిని చల్లబరచదు.

తీరం వెంబడి ఆడే ఆటగాళ్ల కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో గాలి పొడిగా ఉండడం వల్ల పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. సూర్యలంక తీరానికి దగ్గరలోని బాపట్లలో, కృష్ణా కాలువల నడుమ మాగాణి భూములున్న రేపల్లెలో, తెనాలిలో ఉష్ణోగ్రత అంతకంటే తక్కువగా నమోదైన రోజున కూడా ఉక్కపోత వల్ల చొక్కా తడిసి ముద్దవుతుంది గాని ఒళ్లు చల్లబడదు. ముసురు పట్టిన రోజున మట్టికుండలో నీళ్లు చల్లబడకపోవడానికి, తేమ గాలిలో ఆటగాడి ఒళ్లు చల్లబడకపోవడానికి కారణం ఒకటే. వాతావరణ వార్తల్లో చెప్పే డిగ్రీలు ఈ తేడాను పట్టుకోలేవు కనుక, 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలను తగ్గించడానికి మరో కొలత రూపొందింది. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకెకు అందులో పదింట ఏడు వంతుల విలువ ఇస్తారు, ఎండలో ఉంచిన నల్లని గోళం లోపలి వేడికి రెండు వంతులు, మామూలు గాలి ఉష్ణోగ్రతకు ఒక్క వంతే ఇస్తారు. తేమకు ఎంత బరువుందో ఈ పంపకమే చెబుతుంది.

చెమట పట్టే వేగం మనిషిని బట్టి, ఆటను బట్టి, రోజును బట్టి గంటకు అర లీటరు నుంచి రెండు లీటర్ల దాకా మారుతుంది. కనుక అందరూ ఇన్ని గ్లాసులు తాగాలని చెప్పే సలహా ఏదీ శాస్త్రీయం కాదు. ఎవరి లెక్క వారు తెలుసుకోవడానికి కావలసిన పరికరం ఒక్క కాటా. సాధనకు ముందు మూత్ర విసర్జన చేసి, తక్కువ బట్టలతో బరువు చూసుకుని, సాధన ముగిశాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలోను ఒక లీటరు నీటిగా లెక్కకట్టవచ్చు. 60 కిలోల ఆటగాడు గంటన్నర సాధనలో అర లీటరు నీళ్లు తాగి కూడా 59 కిలోలకు దిగితే, అతని ఒంట్లోంచి పోయినది లీటరున్నర, అంటే గంటకు ఒక లీటరు. ఇలా నాలుగైదు రోజులు, వేర్వేరు వాతావరణాల్లో చూసుకున్నవారికి తమ అవసరం ఏ సీసా మీది రాతకన్నా నమ్మకంగా తెలుస్తుంది.

ఈ అంకె కూడా స్థిరంగా ఉండదు. ఎండకు అలవాటు లేని శరీరం వేడిలో రోజూ కొంతసేపు శ్రమిస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. వేసవి శిక్షణ శిబిరాల్లో మొదటి రోజే పిల్లలను పూర్తి వేగంతో పరుగెత్తించడం ఎందుకు తప్పో దీన్నిబట్టి అర్థమవుతుంది. అలవాటు పడిన ఒళ్లు తక్కువ నీళ్లతో సరిపెట్టుకుంటుందన్న నమ్మకం కూడా తప్పే, దానికి నిజానికి ఎక్కువ నీళ్లు కావాలి.

ఎంత నీరు పోతే ఆట దెబ్బతింటుందన్న ప్రశ్న మీద శాస్త్రజ్ఞుల మధ్య గట్టి వాదమే నడిచింది. శరీర బరువులో రెండు శాతం కంటే ఎక్కువ తగ్గకుండా చూసుకోవాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2007లో సూచించింది. దక్షిణాఫ్రికాకు చెందిన టిమ్ నోక్స్ దీన్ని తీవ్రంగా విమర్శించి, దాహం వేసినప్పుడు తాగితే చాలునని, అంతకు మించిన ప్రచారం పానీయాల కంపెనీల ప్రయోజనం కోసమేనని 2012లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో సైకిలిస్టుల శరీరంలో నీటిని తగ్గించి, ఎవరికి ఎంత తిరిగి ఎక్కిస్తున్నారో వారికి తెలియకుండా నరం ద్వారా సెలైన్ ఎక్కించి, 33 డిగ్రీల వేడిలో 25 కిలోమీటర్లు తొక్కించినప్పుడు, మూడు శాతం నీరు తగ్గినవారి వేగంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. దాహం వేస్తోందన్న ఎరుక, నోరెండిన బాధ కూడా ఆటను కుంగదీస్తాయని, పాత ప్రయోగాలు నీటి లోటునూ ఆ బాధనూ విడదీయలేదని ఇది సూచించింది. అయితే ఆ సైకిలిస్టులకు ఎదురుగా ఫ్యాను గాలి వీచింది. గాలి ఆడని కబడ్డీ కోర్టుకు ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించడం తొందరపాటు.

అతిగా తాగడం మాత్రం నిస్సందేహంగా ప్రమాదకరం. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండవలసినదానికంటే తక్కువగా ఉంది, దారిలో మితిమీరి తాగి పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలో అది మరీ ఎక్కువగా కనిపించింది. హైపోనాట్రీమియా అనే ఈ స్థితిలో పలచబడిన రక్తం నుంచి నీరు కణాల్లోకి చేరి మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతి, తికమక కనిపించగానే ఇంకా నీళ్లు తాగించడం ప్రాణం మీదికి తెస్తుంది. సాధన తరువాత బరువు పెరగకూడదన్న చిన్న నియమాన్ని ఇక్కడా కాటాయే చెబుతుంది.

చెమటతో నీటితోపాటు ఉప్పూ పోతుంది. లీటరు చెమటలో సోడియం అర గ్రాము నుంచి గ్రాముముప్పావు దాకా ఉండవచ్చు. నల్లచొక్కా మీద తెల్లని చారలు కట్టేవారు ఎక్కువ ఉప్పు పోగొట్టుకునేవారు. పేగులోని ఒక ప్రత్యేక ద్వారం సోడియాన్నీ గ్లూకోజ్‌నూ జంటగా లోపలికి తీసుకుంటుందని, వాటి వెంట నీరూ వెళుతుందని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాల్లో కలరా రోగులకు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి వేల ప్రాణాలు నిలిపినది ఈ సూత్రంతోనే. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ జట్టు కోసం పుట్టిన గేటరేడ్ వెనుక ఉన్నదీ ఇదే, కాకపోతే అందులో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ.

ఆ లెక్కన చూస్తే ఆటగాడి పానీయానికి కావలసిన సరుకులన్నీ బాపట్ల, తెనాలి ప్రాంతంలోనే దొరుకుతాయి: నిమ్మకాయల మార్కెట్టుకు తెనాలి పేరుమోసింది, ఉప్పు కొఠారులకు బాపట్ల జిల్లాలోని చినగంజాం పేరుమోసింది. లీటరు నీటికి పావు చెంచా ఉప్పు, 40 నుంచి 60 గ్రాముల పంచదార, రుచికి నిమ్మరసం కలిపితే గంటకు పైబడిన శ్రమకు సరిపడే పానీయం తయారవుతుంది. గంటలోపు సాధనకైతే పంచదార కూడా అక్కర్లేదు, మంచినీళ్లు చాలు. నిమ్మరసం బలం ఇవ్వదు, కాని రుచి ఉన్నదాన్ని, ముఖ్యంగా పిల్లలు, ఇష్టంగా ఎక్కువ తాగుతారు. కొబ్బరినీళ్లలో పొటాషియం పుష్కలంగా ఉన్నా సోడియం తక్కువ, కనుక చెమటకు బదులుగా అవి ఒక్కటే సరిపోవు. ఉప్పు వేసిన మజ్జిగ వాటికంటే నయం. పాలు నీళ్లకంటే ఎక్కువసేపు ఒంట్లో నిలుస్తాయని 2016లో వచ్చిన ఒక పోలిక చూపింది.

నీటి కథ అన్నంతో కూడా ముడిపడి ఉంది. కండరాలు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ చేసుకుంటాయి, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు కలిసి ఉంటుంది. స్టాక్‌హోంలో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మాన్ అనే ఇద్దరు పరిశోధకులు 1966లో తామే ప్రయోగవస్తువులై, ఒకే సైకిల్‌ను చెరో కాలితో అలసిపోయేదాకా తొక్కి, తరువాత మూడు రోజులు పిండిపదార్థాలే తిని, సూదితో తొడ కండరపు ముక్కలు తీసి పరీక్షించుకున్నారు; శ్రమించిన కాలిలో గ్లైకోజెన్ విశ్రాంతి తీసుకున్న కాలికంటే రెట్టింపు చేరింది. గట్టిగా సాధన చేసేవారికి కిలో బరువుకు రోజుకు ఆరు గ్రాములకు తక్కువ కాకుండా పిండిపదార్థం కావాలంటే, 60 కిలోల మనిషికి అది దాదాపు 460 గ్రాముల బియ్యంతో సమానం. 1986లో బాపట్లలో విడుదలైన బీపీటీ 5204, అంటే ఇంటింటా తినే సాంబ మసూరి, ఆ పనికి చాలు. కండ మరమ్మతుకు కావలసిన ప్రొటీన్ కిలోకు 1.6 గ్రాముల చొప్పున సుమారు 96 గ్రాములు. నాలుగు వందల గ్రాముల బియ్యం, వంద గ్రాముల కందిపప్పు, రెండు గుడ్లు, అర లీటరు పాలు, ఒక చేప ముక్క కలిస్తే ఆ లెక్క తీరుతుంది. ప్రొటీన్ పొడి డబ్బా ఖరీదుతో ఎన్ని రోజుల పప్పు, గుడ్లు వస్తాయో ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి లెక్కవేయడం మంచిది.

అన్ని ఆటలూ గంటల తరబడి సాగవు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురానికి చెందిన రాగాల వెంకట రాహుల్ 2018 ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచినప్పుడు, ఒక్కో ఎత్తు కొన్ని క్షణాల్లోనే ముగిసింది. అంత వేగంగా గ్లైకోజెన్ మండి శక్తినివ్వలేదు. కణాలు నేరుగా ఖర్చుపెట్టే ఏటీపీ అనే అణువు క్షణాల్లో అయిపోతుంటే దాన్ని వెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్, అది గట్టిగా వాడితే పది సెకన్లకు మించి నిలవదు, మళ్లీ నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. లిఫ్టర్లు సెట్టుకూ సెట్టుకూ మధ్య కూర్చుని ఉండడం సోమరితనం కాదు.

ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించి, అదే పద్ధతిని కండరపు రసం మీద ప్రయోగించినప్పుడు రంగు రావలసినంత వేగంగా రాకుండా నెమ్మదిగా ముదరడం గమనించి, ఆ జాప్యానికి కారణం వెతికి, ఎంతో సులభంగా విడిపోయే ఒక ఫాస్ఫేటు క్రియాటిన్‌తో కలిసి ఉందని 1927లో వారిద్దరూ ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులూ అదే ఏడాది అదే దారిలో నడిచారు. జిమ్ములో క్రియాటిన్ డబ్బా కొనే కుర్రాళ్లలో సుబ్బారావు పేరు తెలిసినవారు ఎంతమందో! రోజుకు ఇరవై గ్రాముల క్రియాటిన్ తింటే కండరంలో దాని నిల్వ పెరుగుతుందని రోజర్ హారిస్ 1992లో చూపాక అది విస్తృతంగా పరిశోధించిన అనుబంధ పోషకంగా మారింది. ఇప్పుడు రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు సరిపోతాయని అంటున్నారు. నిజాంపట్నం రేవులో దిగే చేపల్లోనూ, మాంసంలోనూ అది సహజంగా ఉంటుంది. శాకాహారుల కండరాల్లో నిల్వ తక్కువ గనుక వారికి దాని ప్రభావం సాధారణంగా ఎక్కువగా కనిపిస్తుంది.

బరువుల వారీ విభాగాలుండే ఆటల్లో కాటా పాత్ర తారుమారవుతుంది. విభాగం పరిమితిలోకి దిగడానికి అన్నం మానేసి, గదిలో చెమటలు కక్కి, నీళ్లు తాగకుండా ఉండడం ఎంత దూరం పోగలదో 1997 చివర్లో అమెరికాలో దాదాపు నెలరోజుల్లోనే ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్ల మరణాలు చూపాయి. అన్నం తగ్గించినప్పుడు తగ్గే మొదటి కిలోల్లో ఎక్కువ భాగం గ్లైకోజెన్‌తో కలిసి ఉన్న నీరే, ఆ నీటితోపాటు బరిలో కావలసిన ఇంధనమూ పోతుంది. క్రియాటిన్ ఇందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో పనిచేస్తుంది: అది కండరంలోకి నీటిని లాగుతుంది కాబట్టి మొదటి వారంలోనే బరువు ఒకటి రెండు కిలోలు పెరగవచ్చు. అందువల్ల పోటీకి రెండు గంటల ముందు బరువు చూసే వెయిట్ లిఫ్టింగ్‌లో, పరిమితికి అరకిలో దూరంలో ఉన్న లిఫ్టర్ దాన్ని పోటీల వారంలో కాక, కాటా ఎక్కడానికి నెలల ముందే మొదలుపెట్టి, పెరిగిన ఆ కిలోను ఏ విభాగంలో మోయాలో కోచ్‌తో కలిసి అప్పుడే తేల్చుకోవలసి ఉంటుంది.