గృహిణీకరణ భావన - తెలుగు స్త్రీల శ్రమ: మరియా మీస్ పరిశోధనా ప్రస్థానం

వ్యాససంగ్రహం:
ఇంట్లో కూర్చుని ఎగుమతి సరుకు తయారుచేసే స్త్రీని శ్రామికురాలిగా కాక గృహిణిగా లెక్కించడం వల్ల ఆమె కూలి, హక్కులు ఏ విధంగా కుదించుకుపోతాయో జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు పరిశ్రమ ఆధారంగా వివరించారు. ఆమె విద్యాజీవితంలో ఈ భావన రూపుదిద్దుకున్న క్రమాన్ని ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. ఉత్తర తెలంగాణ బీడీ కార్మికుల స్థితితోను, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తెలుగు స్త్రీల స్థితితోను పోల్చి, ఆ భావన పరిధిని, పరిమితిని చర్చిస్తుంది.

కీలకపదాలు: గృహిణీకరణ, లేసు పరిశ్రమ, బీడీ కార్మికులు, గల్ఫ్ వలస, స్త్రీల శ్రమ.

1. ప్రవేశిక:
తెలుగు సాహిత్య విమర్శలో స్త్రీల శ్రమ గురించిన చర్చ ఎక్కువగా కథ, కవిత్వం, నవలల ఆధారంగా సాగింది. తెలుగు స్త్రీల శ్రమనే క్షేత్రంగా తీసుకున్న సామాజికశాస్త్ర పరిశోధనలతో ఆ చర్చకు ఏర్పడిన సంబంధం తక్కువ. అటువంటి పరిశోధనలలో మరియా మీస్ కృషి ముఖ్యమైనది. ప్రపంచవ్యాప్తంగా స్త్రీవాద అధ్యయనాలలో చర్చకు వచ్చిన ఒక భావనకు ఆధారం పశ్చిమ గోదావరి జిల్లాలోని లేసు అల్లే ఇళ్లలో దొరికింది. ఈ విషయం తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా గమనార్హం.

2. విద్యాజీవితం:
మరియా మీస్ 1931లో జర్మనీలోని ఐఫెల్ ప్రాంతంలో రైతు కుటుంబంలో జన్మించారు. పాఠశాల ఉపాధ్యాయురాలిగా పనిచేసి, 1960ల తొలినాళ్లలో పుణె నగరానికి వచ్చి జర్మన్ భాష బోధించారు. చదువుకున్న భారతీయ స్త్రీలు ఎదుర్కొనే పాత్రల సంఘర్షణపై కొలోన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. 1972 నుండి కొలోన్‌లోని వృత్తివిద్యా ఉన్నతవిద్యాసంస్థలో సమాజశాస్త్ర ఆచార్యులుగా ఉన్నారు. 1979లో హేగ్ నగరంలోని సామాజిక అధ్యయన సంస్థలో 'స్త్రీలు - అభివృద్ధి' అనే బోధనా కార్యక్రమానికి పునాది వేశారు. 2023లో మరణించారు.

ఆమె తొలి పరిశోధన నగరాలలోని విద్యావంతులైన స్త్రీలకు సంబంధించినది. 1970ల చివరలో అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన అధ్యయనాలు ఆమెను గ్రామీణ శ్రామిక స్త్రీల వద్దకు తీసుకువచ్చాయి. నర్సాపురం పరిశోధన 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పేరుతో గ్రంథంగా వెలువడింది. కె. లలిత, కృష్ణకుమారిల సహకారంతో వ్యవసాయ కూలీ స్త్రీలపై చేసిన అధ్యయనం 1986లో వచ్చింది. అదే సంవత్సరం ప్రచురితమైన 'పేట్రియార్కీ అండ్ అక్యుములేషన్ ఆన్ ఎ వరల్డ్ స్కేల్' గ్రంథంలో ఈ క్షేత్రానుభవాన్ని ఆమె వలసపాలన చరిత్రతో, ప్రపంచ శ్రమవిభజనతో అనుసంధానించారు.

3. నర్సాపురం లేసు - గృహిణీకరణ:
నర్సాపురం ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. కాలక్రమంలో అది విదేశాలకు ఎగుమతి చేసే పరిశ్రమగా పెరిగింది. వర్తకుడు దారం ఇస్తాడు. ఏజెంట్లు దానిని ఇళ్లకు చేరుస్తారు. ఒక స్త్రీ పువ్వులు అల్లితే మరొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. కూలి గంటలను బట్టి కాక, తయారైన సరుకును బట్టి లెక్కకడతారు. వ్యాపారం, ఎగుమతి పురుషుల చేతుల్లో ఉండగా అల్లిక స్త్రీల వంతు అయింది.

రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లుతున్నా ఈ స్త్రీలను కార్మికులుగా ఎవరూ గుర్తించలేదని మీస్ గమనించారు. ఇంటిపని ముగిశాక తీరిక వేళ చేసే చేతిపనిగానే వర్తకులు దానిని చూశారు. అది తీరిక అయినప్పుడు దానికిచ్చేది జీతం కాదు, చేతిఖర్చు మాత్రమే. బతకడానికి చాలని కూలిని సమర్థించే తర్కం ఇక్కడే ఉంది. స్త్రీ పోషణభారం భర్త వహిస్తాడని ముందే ఊహించి ఆమె శ్రమకు ధర కట్టడాన్ని మీస్ గృహిణీకరణ అన్నారు. భర్త సంపాదన ఉన్నదా, లేదా అన్నది ఈ లెక్కలోకి రాదు.

ఇందులో కులం పాత్ర కూడా ఉన్నది. ఘోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలు గడప దాటకుండా చేసే పనిని గౌరవంగా భావించారు. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీల కూలి తమకంటే మెరుగ్గా ఉన్నా, తమ స్థాయి ఎక్కువన్న భావన వారిలో ఉండేది. పాశ్చాత్య స్త్రీవాద రచనలు 'మూడో ప్రపంచ స్త్రీ'ని ఒకే మూసలో చూపడాన్ని విమర్శించిన చంద్రా తల్పడే మొహంతీ, స్థానిక పరిస్థితిని నిశితంగా విశ్లేషించిన రచనగా ఈ గ్రంథాన్ని ఉదాహరించారు.

4. ఉత్తర తెలంగాణ బీడీ కార్మికులు:
పూర్వ కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలలో బీడీలు చుట్టే పని ప్రధానంగా స్త్రీలదే. కమీషన్‌దారు తునికాకు, తంబాకు, దారం ఇస్తాడు. వెయ్యి బీడీల లెక్కన కూలి కడతాడు. నాణ్యత లేదని తీసివేసిన బీడీల నష్టం చుట్టినవారిపైనే పడుతుంది. పని అమరికలో లేసుకు, బీడీకి పోలిక స్పష్టం.

భేదం చట్టంలో ఉన్నది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ముడిసరుకు తీసుకువెళ్లి ఇంటివద్ద పనిచేసేవారిని కూడా ఉద్యోగి నిర్వచనంలోకి తెచ్చింది. 1976లో సంక్షేమనిధి చట్టం వచ్చింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆసరా పథకంలో బీడీ కార్మికులకు జీవనభృతి చేర్చారు. ఇల్లే పనిస్థలమైనా ఆ స్త్రీకి కార్మికురాలనే పేరు దక్కడం సాధ్యమేనని ఇది చూపుతుంది. అయితే ఆ పేరుకు ఆధారం గుర్తింపు కార్డు, భవిష్యనిధి ఖాతా. తన పేరు నమోదు కాకుండా మరొకరి ఖాతా కింద చుట్టే స్త్రీ మళ్లీ నర్సాపురం స్త్రీ స్థితిలోనే ఉంటుంది.

ఈ జిల్లాల నుండి పురుషులు పెద్దసంఖ్యలో గల్ఫ్‌కు వలస వెళ్లారు. భర్త దుబాయిలో సంపాదిస్తాడని, భార్య బీడీలు 'వేన్నీళ్లకు చన్నీళ్లు' అని అనుకోవడం పరిపాటి. వీసా అప్పు తీరేవరకు, పంపకం ఆగిన నెలల్లో, ఇల్లు గడిచేది ఆ బీడీ కూలితోనే. వలస అధ్యయనాలు వెళ్లిన పురుషునితో ఆగిపోతే ఈ శ్రమ లెక్కకు రాదు.

5. కువైట్ - ఇంటిపనికి జీతం:
గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతం నుండి స్త్రీలే ఇంటిపనికి కువైట్ వెళ్లడం మరొక స్థితి. వలసవెళ్లినవారి వాడుకలో 'ఖద్దామా' అన్న అరబ్బీ మాట స్థిరపడింది. ఇక్కడ ఆమె గృహిణి కాదు, జీతగత్తె. అయినా పనిస్థలం ఇల్లే కావడం వల్ల 2010 నాటి కువైట్ కార్మిక చట్టం ఆమెకు వర్తించలేదు. 2015లో వచ్చిన 68వ సంఖ్య చట్టం ఇంటిపనివారికి వారపు సెలవును, పని గంటల పరిమితిని నిర్ణయించింది. యజమాని పూచీపై ఆధారపడిన కఫాలా పద్ధతి మాత్రం కొనసాగింది.

ఈ స్థితిని వివరించడానికి గృహిణీకరణ భావన ఒక్కటే చాలదు. ఇక్కడ అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఎవెలిన్ నకానో గ్లెన్ పరిశోధన ఉపకరిస్తుంది. అమెరికాలో ఇళ్లలో పనిచేసిన మూడు తరాల జపనీస్ అమెరికన్ స్త్రీలపై ఆమె 1986లో 'ఇస్సేయ్, నిసేయ్, వార్ బ్రైడ్' రచించారు. వంట, శుభ్రత, పిల్లల పెంపకం వంటి పనుల భారం స్త్రీలందరిపై సమానంగా పడదని, జాతి ఆధారంగా కొందరు స్త్రీల మీదికి మళ్లుతుందని 1992 నాటి వ్యాసంలో ఆమె సిద్ధాంతీకరించారు. కువైట్‌లో జాతి స్థానంలో ప్రధానంగా జాతీయత నిలుస్తుంది. తన పిల్లలను తల్లికో అత్తకో అప్పగించి పరాయి పిల్లలను పెంచే తెలుగు స్త్రీ విషయంలో రెండు ఇళ్ల పని లెక్కించవలసి ఉంటుంది. అందులో జీతం ఒక ఇంటికే ఉన్నది.

6. ముగింపు:
లేసు అల్లే స్త్రీ గృహిణిగా, బీడీలు చుట్టే స్త్రీ చట్టం దృష్టిలో కార్మికురాలిగా, కువైట్ వెళ్లిన స్త్రీ పనిమనిషిగా గుర్తింపు పొందారు. ముగ్గురి పనిస్థలం ఇల్లే. కాబట్టి గృహిణీకరణను స్త్రీల శాశ్వత స్థితిగా కాక, చట్టంతోను, కార్మిక సంఘటనతోను మారగల సంబంధంగా గ్రహించడం సమంజసం.

తెలుగు శాఖల పరిశోధకులకు ఇందులో ప్రత్యేకమైన పని ఉన్నది. చేతిపని, అతుకుపని, కూలి, జీతం, చేతిఖర్చు, తీరిక వంటి పదాలను ఎవరు, ఎవరి శ్రమకు వాడుతున్నారో నమోదు చేయడం భాషాపరిశోధన పరిధిలోనిదే. సుల్తానాబాద్ వంటి పట్టణాల కళాశాలల నుండి చుట్టుపక్కల గ్రామాలలో ఈ సేకరణ చేపట్టవచ్చు. "ఏం పని చేస్తారు?" అన్న ప్రశ్నకు "పనేం లేదు, ఇంట్లోనే ఉంటాను" అన్న జవాబు వచ్చినప్పుడు పరిశోధకుడు అక్కడ ఆగకూడదు. ఉదయం నుండి రాత్రి వరకు ఏమేమి చేశారో గంటలవారీగా అడిగి రాసుకోవాలి. క్షేత్రపరిశోధనకు మీస్ కృషి ఇచ్చే పాఠం ఇదే.