వంకాయ మీద వెలుగు

మా బాబాయ్ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. పాతికేళ్లుగా అదే పని. అలాంటి మనిషి రెండేళ్ల క్రితం మూఢం వచ్చి పెళ్లిళ్లు లేని రోజుల్లో, రోజూ రాత్రి వంటింటి గట్టు మీద ఒక నల్ల వంకాయని పెట్టి దానికి ఫొటోలు తీసేవాడు. సెలవులకి వెళ్లిన నేను లైటు పట్టుకునేవాణ్ని. మర్నాడు పిన్ని ఆ వంకాయనే కూరలో వేసేది.

నవ్వొచ్చే ఈ పని వెనక నవ్వు రాని సంగతి ఒకటుంది. మా పెద్దమ్మ కూతురి పెళ్లికి ఫొటోలు బాబాయే తీశాడు. అక్కది చామనఛాయ. "అమ్మాయి కాస్త తెల్లగా వచ్చేలా చూడు నాయనా" అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారు. బాబాయ్ అందరు ఫొటోగ్రాఫర్లూ చేసేదే చేశాడు. ఫ్లాష్ నేరుగా మొహం మీద కొట్టాడు, తర్వాత కంప్యూటర్‌లో ఇంకాస్త తెల్లబరిచాడు. ఆల్బమ్‌లో మొహం ఒక రంగు, చేతులు ఇంకో రంగు. అక్క ఒక్కసారి తిప్పి చూసి, "బాబాయ్, ఇందులో నేనెక్కడున్నా?" అంది. ఆ ఆల్బమ్ అప్పట్నుంచీ బీరువాలోనే ఉంది.

ఆ మాట బాబాయ్‌కి గుచ్చుకుంది. యూట్యూబ్ ముందు కూర్చుని లైటింగ్‌ని మొదట్నుంచీ నేర్చుకున్నాడు. అతని పక్కన నిలబడి నాకు అర్థమైనంత మీకు చెప్తాను. అంతా మనం ఇంటర్ ఫిజిక్స్‌లో చదివి మర్చిపోయిందే!

మీటర్ చెప్పే అబద్ధం

కెమెరాలో వెలుగుని కొలిచే మీటర్ ఒకటి ఉంటుంది. దాని ముందు పెళ్లికూతురు ఉన్నా, నల్లరాయి ఉన్నా దానికి ఒకటే. ఎదురుగా ఉన్నదంతా కలిపితే సగటున 18 శాతం వెలుగుని తిప్పికొట్టే బూడిద రంగు అనుకుని లెక్క వేస్తుంది. పెళ్లిలో వధూవరులు తెల్లటి మధుపర్కాలు కట్టుకుంటారు. ఫ్రేమ్ నిండా తెలుపే. "అబ్బో, వెలుగు ఎక్కువైంది" అనుకుని మీటర్ తగ్గించేస్తుంది. బట్టలు బూడిద రంగులోకి, మొహాలు చీకట్లోకి పోతాయి. అప్పుడు "అమ్మాయి నల్లగా వచ్చింది" అంటారు. తప్పు అమ్మాయిది కాదు, లెక్కది. మొహం మీద మాత్రమే కొలిచి, ఆ సెట్టింగ్‌ని మాన్యువల్‌లో పెట్టేస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఈ పక్షపాతం ఫిల్మ్ రోజుల్లోనూ ఉంది. ప్రింట్లలో రంగులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోడానికి ల్యాబులు వాడిన కొడాక్ 'షర్లీ కార్డుల' మీద చాలా ఏళ్లపాటు తెల్లజాతి అమ్మాయిల ఫొటోలే ఉండేవి. వాళ్ల రంగు సరిగ్గా వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే లెక్క.

వంకాయే ఎందుకు?

చర్మం మీద పడ్డ వెలుగులో కొంచెం పైపొర మీద నుంచే అద్దంలోలా తిరిగొచ్చేస్తుంది. ఇది ఏ రంగు చర్మానికైనా ఇంచుమించు ఒకటే. మిగతాది లోపలికెళ్లి, చెదిరి, బయటికొస్తుంది. మెలనిన్ ఎక్కువున్న చర్మం ఈ లోపలికెళ్లిన వెలుగులో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. అంటే ముదురు ఛాయ ఉన్న మొహంలో ముక్కు, చెంప, గడ్డం ఆకారాన్ని మనకి చూపించేది ఎక్కువగా పైన మెరిసే ఆ మెరుపే.

వంకాయ కూడా అంతే. దాని మీద కనిపించే మెరుపు నిజానికి మన లైటు ప్రతిబింబం. కెమెరా మీద ఉన్న చిన్న ఫ్లాష్ కొడితే మధ్యలో ఒక తెల్లటి చుక్క, మిగతాదంతా నలుపు. నుదుటి మీద నూనె కారినట్టు కనిపించే ఫొటోలు ఇలాగే వస్తాయి. అదే ఫ్లాష్‌ని కెమెరా నుంచి విడదీసి, పక్కన పెట్టి, ముందు తెల్లటి పంచె అడ్డం కడితే? పంచె మొత్తం లైటైపోతుంది. వంకాయ ఒంపు పొడవునా మెత్తటి మెరుపు పారుతుంది. రంగు మారలేదు, ఆకారం మాత్రం బయటికొచ్చింది.

ఇక్కడ లెక్క లైటు అసలు సైజుది కాదు, మొహం దగ్గర నుంచి చూస్తే అది ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా అంత దూరంలో ఉన్నాడు కాబట్టి మిట్టమధ్యాహ్నం నీడలు కత్తిలా ఉంటాయి. మబ్బు పడితే ఆకాశమంతా లైటే, నీడలు మెత్తబడతాయి. నమ్మకపోతే ఈ రాత్రే ఫోన్ టార్చ్, ఒక తెల్ల కాగితంతో చూడండి. వంకాయలకి మన మెస్‌లో ఎప్పుడూ కొదవ లేదు.

దూరానికి ఇంకో పేచీ కూడా ఉంది. అదే ఇన్వర్స్ స్క్వేర్ లా. లైటుకి మీటరు దూరంలో ఉన్నవాళ్ల మీద పడే వెలుగులో నాలుగో వంతే రెండు మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకి అందుతుంది. గ్రూప్ ఫొటోలో ముందు వరస తెల్లబోయి, వెనక బాబాయిలు మాయమైపోయేది ఇందుకే. లైటుని వెనక్కి జరిపి పవర్ పెంచితే రెండు వరసల మధ్య తేడా తగ్గుతుంది.

మండపంలో రెండు వెలుగులు

మండపం లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఫ్లాష్ మాత్రం అలా వచ్చి ఇలా పోతుంది. షట్టర్‌ని ఎక్కువసేపు తెరిస్తే మండపం వెలుగు పెరుగుతుంది కానీ ఫ్లాష్ వెలుగు మారదు. కాబట్టి వెనక వెలుగుకి షట్టర్, మొహానికి ఫ్లాష్ పవర్. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో షట్టర్ సెకనులో 200వ వంతు దగ్గరే ఆగాలి, అంతకు మించితే ఫొటోలో నల్లపట్టీ పడుతుంది. పసుపు బల్బులు 3200 కెల్విన్ అయితే ఫ్లాష్ 5500. ఫ్లాష్ ముందు నారింజ రంగు జెల్ కాగితం పెడితే రెండూ కలుస్తాయి.

ఇక సరదా అంతా తలంబ్రాల దగ్గర. నేను ఫ్లాష్ పట్టుకుని జంట వెనక, పురోహితుడి కంట పడకుండా కూర్చుంటాను. వెనక నుంచి వెలుగు పడితే పసుపు బియ్యం ప్రతి గింజా మెరుస్తుంది. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేల వంతే కాబట్టి గింజలు గాల్లోనే ఆగిపోతాయి.

కానీ ఇవన్నీ ముందే సిద్ధం చేసుకోవాలి. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం, అడ్డుతెర దిగే క్షణం ఒక్కటే. "ఇంకోసారి దించండి పంతులుగారూ" అనలేం. అందుకే ఆ రెండు నెలల వంకాయలు.

ఇప్పుడు ఎవరైనా తెల్లగా రావాలంటే బాబాయ్, "వెలుగు పెడతానమ్మా, రంగు మార్చను" అంటున్నాడు. ఆ మాటకి రెండు బేరాలు పోయాయి కూడా. పిన్ని సణిగింది కానీ అతను మారలేదు.

పోయినేడు అక్క కొడుక్కి అన్నప్రాసన అయింది. అందరూ భోజనాలకి లేచాక బాబాయ్ అక్కని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎండకి అడ్డంగా తెల్ల పంచె కట్టి, ఒక్క ఫొటో తీశాడు. ఒక చెంప మీద వెలుగు, రెండో చెంప నీడలో, కంటి కింద చిన్న వెలుగు త్రికోణం. రెంబ్రాంట్ బొమ్మల్లో కనిపిస్తుందని దానికి ఆయన పేరే పెట్టారట. అక్క కెమెరా వెనక స్క్రీన్‌లో చాలాసేపు చూసుకుంది. ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే అది ఆమె వాట్సాప్ డీపీ అయింది. ఇప్పటికీ మార్చలేదు. పెళ్లి ఆల్బమ్ మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది.